రంగురంగుల అల్లిక దుస్తులు: విశాఖలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బొమ్మలు వేసేదాన్ని. రెండేళ్ల కిందట కాన్వాస్ పక్కన పెట్టి 18 పీసుల అల్లిక దుస్తుల కలెక్షన్ మొదలుపెట్టాను. స్టాల్ పెట్టినా, వాట్సాప్ తెరిచినా అవే సందేహాలు. విడివిడిగా టైపు చేసి చేసి వేళ్లు నొప్పెట్టి, అన్నీ ఒక్కచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

విశాఖ ఉక్కపోతలో స్వెట్టర్లు ఎవరు వేసుకుంటారండీ?

చొక్కా కింద బనియను వేసుకున్నారు కదా, అదీ అల్లికే. టీషర్టూ అల్లికే. తిరుప్పూరు ఊరు పేరు తెచ్చుకుంది ఈ అల్లిక మీదే. దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాంట్లోంచి ఒకటి లాగితే సాగే బట్ట వస్తుంది. ఆ దారం ఊలే అవ్వాలని ఎక్కడా లేదు. నా 18 పీసుల్లో 14 పూర్తిగా కాటన్. చేతుల్లేని టాపులు, జాలీ అల్లిక ఓవర్‌కోట్లు, ఏసీ ఆఫీసులో భుజాల మీద వేసుకునే పొడుగు ష్రగ్గులు. మిగతా 4 ఊలువి. డిసెంబరులో అరకు, లంబసింగి వెళ్లేవాళ్ల కోసం చేశాను. తెల్లారుజామున లంబసింగిలో నిలబడి చూడండి, సున్నా దగ్గరికి దిగే చలిలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

నాకు బొమ్మలు వేయడం వచ్చు, సూది పట్టుకోవడం రాదు. డిజైన్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ముందు ఒక్క మఫ్లరైనా మీ చేత్తో అల్లండి. ఎగుడుదిగుడుగా వచ్చినా ఫరవాలేదు. రంగుల అల్లికలో పెద్ద పేరున్న కేఫ్ ఫాసెట్ కూడా చిత్రకారుడే. 1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, 1964లో ఇంగ్లండ్ వెళ్లాడు. స్కాట్లండ్‌లో ఒక మిల్లులో దారాల రంగులు చూసి మతిపోయి, 20 రంగులు కొని రైలెక్కితే, అదే పెట్టెలో కూర్చున్న ఒకావిడ అతనికి అల్లడం నేర్పింది. 1988 నాటికి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అతని పనితో ప్రదర్శన పెట్టింది. నాకు నేర్పింది మా మేడ మీద వాటాలో ఉండే పిన్నిగారు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రెండు మధ్యాహ్నాలు లేకపోతే అల్లిక మెషీన్ మీద కూర్చునే మనిషితో నాకు మాట కలిసేది కాదు.

నిట్టింగ్, క్రోషియా, నేత ఒకటేనా?

మూడూ వేరు. మగ్గం మీద నిలువు దారాలు, అడ్డ దారాలు ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి, అది నేత. క్రోషియాకి ఒక్క కొక్కెం సూది చాలు, ఒకసారికి ఒక ఉచ్చు ముగించి ముందుకెళ్తాం. నర్సాపురం లేసు అల్లికలు ఈ కోవలోవే. నిట్టింగ్‌లో వరసలో ఉన్న ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి, ఒక్కటి జారిందంటే కిందిదాకా నిచ్చెనలా ఊడుతుంది. నా కలెక్షన్ నిట్టింగే. అంచుల్లో మాత్రం క్రోషియా వాడాను.

మొదటి కలెక్షన్‌కి ఎన్ని పీసులు ఉండాలి?

పదీ పన్నెండు చాలు. నేను 18 చేశాను, ఆరు అనవసరం. ఆ ఆరూ చూసినవాళ్లు చెప్పిన మాట ఒక్కటే: “బాగుంది, కానీ అదే కదా ఇదీ.”

## రంగులు

ఈ రంగులు ఎక్కడ్నుంచి పట్టారు?

ఎక్కువ మంది సముద్రం అనుకుంటారు. నీలం చాలా తక్కువే వాడాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా, మొదటి ఐదు పీసులు అక్కడివి. దూరం నుంచి చూస్తే ఒకటే ఎరుపు. దగ్గరికెళ్లి పొద్దున ఏడింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి చూస్తే ఇటుక రంగు, కనకాంబరం, పసుపుకొమ్ము, నీడలో దాదాపు వంగపండు రంగు కనిపిస్తాయి. మధ్యలో జీడిమామిడి ఆకుల పచ్చ. అది జియో హెరిటేజ్ (కాపాడుకోవాల్సిన భూగర్భ వారసత్వ) ప్రదేశం, పిడికెడు మట్టి కూడా తేకండి, కళ్లతోనే తెచ్చుకోవాలి. తర్వాతి నాలుగూ అరకు వలిసె పూల పసుపు. చలికాలం మొదట్లో ఆ పొలాలు ఒక్క రంగులో వెలుగుతాయి, మూడు నాలుగు వారాలు ఆలస్యమైతే ఏమీ మిగలదు. ఫిషింగ్ హార్బర్‌లో పడవల పెయింట్ ఒక పాఠం. ఒక పడవ మీద చిలకపచ్చ, దాని పక్కన రాణీ రంగు, మధ్యలో సన్నటి తెల్ల గీత. ఆ తెల్ల గీత తీసేస్తే రెండు రంగులూ కొట్టుకుంటాయి. నా పదో నంబరు కోటు మొత్తం ఆ గీత మీదే నిలబడింది.

రంగు పేరు రాసుకునేటప్పుడు “రెడ్ 1, రెడ్ 2” అని రాసుకోకండి. నేరేడు, గచ్చకాయ, మెంతి, పాలపిట్ట నీలం, మామిడి చిగురు అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఏ రంగో గుర్తొస్తుంది. అద్దకం చేసే ఆయనకి కోడ్ నంబరు చెప్తే చార్టు వెతికాడు. “తమలపాకు, లేతది కాదు, ముదురుది” అంటే చార్టు చూడకుండానే తల ఊపాడు.

ఇన్ని రంగులు ఒక్కదాంట్లో వేస్తే గోలగా ఉండదా?

ఉంటుంది, అన్నీ సమానంగా వేస్తే. ఆరు రంగులకీ తలా ఆరోవంతు ఇస్తే ఏదీ కనపడదు, పెళ్లిలో అందరూ ఒకేసారి మైకు పట్టుకున్నట్టుంటుంది. నేను పెట్టుకున్న కొలత: ఒక రంగు సగానికి పైగా, రెండోది పాతికలోపు, మిగతావి చిటికెడు చిటికెడు. గంగిరెద్దు మీద కప్పే బట్టలు గుర్తు తెచ్చుకోండి, ఎన్ని ముక్కలున్నా కింద ఎద్దు తెలుపు కనిపిస్తూనే ఉంటుంది. అందుకే అది గోల అనిపించదు, పండగ అనిపిస్తుంది.

మా మెషీన్ మీద పనిచేసే ఆవిడ మొదటి పీసు చూసి “ఏటమ్మా ఇది, సంక్రాంతి ఇక్కడే వచ్చీసినట్టుంది” అంది. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఆవిడ ఉద్దేశం మాత్రం వేరు.

ఫోన్‌లో గీసినప్పుడు అదిరిపోయింది, అల్లాక బురద రంగులా వచ్చింది. ఎందుకు?

రెండు కారణాల్లో ఒకటై ఉంటుంది. మొదటిది, ఎదురెదురు రంగుల్ని చిన్న చిన్న చుక్కలుగా కలిపేశారు. ఎరుపు ఒక కుట్టు, ఆకుపచ్చ ఒక కుట్టు మార్చి మార్చి వేస్తే చేతిలో పట్టుకున్నప్పుడు రెండూ కనిపిస్తాయి. నాలుగు అడుగులు వెనక్కి వెళ్తే కన్ను వాటిని కలిపేసుకుంటుంది, గోధుమ రంగు బురద మిగులుతుంది. అదే రెండు రంగుల్ని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా వేయండి, మెరుస్తాయి.

రెండోది, వెలుగు తేడా లేదు. రంగులు వేరైనా ముదురు, లేత ఒకటే అయితే డిజైన్ అణిగిపోతుంది. దారం ఉండల్ని పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపు చేయండి. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఒక లేతదో, ఒక ముదురుదో తెచ్చి కలపాలి. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. నేను 11 నమూనాలు పాడుచేసుకున్నాక నేర్చుకున్నాను.

ఒకే దారం ఒక పీసులో నల్లగా, ఇంకోదాంట్లో వెలిసినట్టు కనిపిస్తోంది. దారం నాసిరకమా?

దారం తప్పు కాకపోవచ్చు. ఇది చాలా పాత ఫిర్యాదు. పారిస్‌లో గోబెలాఁ నేతశాల అద్దకం విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్ల రంగు బలంగా లేదని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. పరీక్షించి చూస్తే రంగు బాగానే ఉంది. పక్కనున్న నీలం, ఊదా వల్ల ఆ నలుపు కంటికి పలచబడుతోంది. పక్క రంగు మారితే అసలు రంగే మారినట్టు కనిపిస్తుందని 1839లో ఆయన వివరంగా ప్రచురించాడు. మన ఇంట్లో ఆడవాళ్లకి ఇది ఎప్పుడూ తెలుసు, లేకపోతే చీర అంచు కోసం దుకాణంలో రెండు గంటలు ఎందుకు పడుతుంది? అనుమానం ఉంటే ఆ దారాన్ని తెల్ల కాగితం మీద విడిగా పెట్టి చూసి, అప్పుడు దుకాణదారుతో పోట్లాడండి.

ఏటికొప్పాక బొమ్మల్లాగా సహజ రంగులే వాడొచ్చు కదా?

ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్కలో కలిపి రుద్దుతారు. కర్రకి, బట్టకి దారి వేరు. బొమ్మని ఉతకం కదా. కాటన్ నూలుకి చాలా సహజ రంగులు పట్టాలంటే కరక్కాయలో, పటికలో ముందుగా నానబెట్టి సిద్ధం చేయాలి. నీలిమందు, మంజిష్ఠ బాగా నిలుస్తాయి. పసుపు మాత్రం మోసం చేస్తుంది, నాలుగు ఎండలకి వెలిసిపోతుంది. నేను మూడు పీసులకి నీలిమందు వాడాను, మిగతావి రియాక్టివ్ రంగులే (నూలుతో రసాయనికంగా అతుక్కునే కృత్రిమ రంగులు). “అంతా సహజం” అని చీటీ కట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు.

## నూలు

ఏ నూలు వాడుతున్నారు? వైజాగ్‌లో దొరుకుతుందా?

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల షాపుల్లో నాకు ఎక్కువగా దొరికింది యాక్రిలిక్ ఊలు. రంగులు బ్రహ్మాండం, ధర తక్కువ, కానీ చెమట పీల్చదు. మే నెలలో వేసుకుంటే ప్లాస్టిక్ సంచిలో ఉన్నట్టే. బొమ్మలకి, గుమ్మం తోరణాలకి వాడండి, ఒంటిమీదికి వద్దు. మెషీన్‌కి సరిపడే కాటన్ కోన్లు (కోను మీద చుట్టిన నూలు) తమిళనాడు నుంచి తెప్పించుకున్నాను, ఊలు లుధియానా నుంచి.

కౌంట్, అంటే నూలు ఎంత సన్నమో చెప్పే అంకె, గురించి ఒక్క మాట. 10 కంటే 20 సన్నం, 20 కంటే 40 సన్నం. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని ఉంటే అది కౌంట్. అంటే 10 కౌంటు ఒంటి పేట కిలోకి దాదాపు 17 కిలోమీటర్లు పోతుంది. సన్న నూలు రెండు మూడు పేటలు కలిపి అల్లితే ఇంకో లాభం కూడా ఉంది. ఒక పేట కనకాంబరం, ఒక పేట ఇటుక రంగు కలిపితే అద్దకం వాళ్ల దగ్గర లేని మూడో రంగు పుడుతుంది. మా ఎర్రమట్టి పీసుల్లో సగం రంగులు అలా పుట్టినవే.

ఒక టాప్‌కి ఎంత నూలు పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

ముందుగా అల్లి చూసిన నమూనా ముక్కని తూచండి. 20 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ముక్క 14 గ్రాములు తూగిందనుకుందాం. 400 చదరపు సెంటీమీటర్లకి 14 గ్రాములు. ముందు, వెనక ముక్కలు ఒక్కోటి 52కి 58 సెం.మీ., రెండూ కలిపి 6,032. చేతులు సగటున 40కి 40, రెండూ 3,200. మొత్తం 9,232 చదరపు సెంటీమీటర్లు, అంటే 323 గ్రాములు. తరుగు, తప్పులు, మెడ పట్టీ కోసం 15 శాతం కలిపితే దాదాపు 370 గ్రాములు. తక్కువ తెచ్చుకుంటే మళ్లీ అదే రంగు దొరకదు, ఎందుకంటే ఒక అద్దకం లాటుకి ఇంకో లాటుకి తేడా వస్తుంది. పగటి వెలుగులో ఆ తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఎరుపు పక్కన తెలుపు వేస్తే రంగు అంటుకోదా?

అల్లకముందే తేల్చుకోవాలి. మూర దారం తీసి తెల్ల బట్ట మీద పెట్టి, గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తడిపి, చుట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున బట్ట మీద గులాబీ గీత కనిపిస్తే ఆ కోన్ వెనక్కి పంపండి. పొడి బట్టతో రుద్ది చూసి సరిపెట్టుకోవద్దు, తడి మీదే అసలు గుణం బయటపడుతుంది. నేను ఒకసారి ఈ పరీక్ష వదిలేశాను. పడవ కోటులో తెల్ల గీతలన్నీ కల్లు ముంతలో వేసిన బీట్‌రూట్‌లా అయ్యాయి. ఆ కోటు ఇప్పుడు మా కుక్క పడక.

## గ్రాఫూ నమూనా

గ్రాఫ్ పేపర్ మీద గుండ్రంగానే గీశాను. అల్లితే ఇడ్లీలా ఎందుకు వచ్చింది?

ఎందుకంటే అల్లికలో కుట్టు చదరంగా ఉండదు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. నా నూలుకి 10 సెం.మీ.లో అడ్డంగా 20 కుట్లు, నిలువుగా 28 వరసలు పడతాయి. చదరపు గళ్ల మీద 40కి 40 సూర్యుణ్ణి గీస్తే అల్లికలో వెడల్పు 20 సెం.మీ., ఎత్తు 14 చిల్లర వస్తుంది. ఇడ్లీ కాక ఇంకేమవుతుంది? గుండ్రం రావాలంటే 40 కుట్లకి 56 వరసలు గీయాలి. లేదా గడి వెడల్పు 5 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు మూడున్నర ఉండేలా కాగితం ప్రింటు తీసుకోండి, కంప్యూటర్ సెంటర్‌లో ఎవరైనా చేసిపెడతారు. మా డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ బొమ్మ మొదటిసారి పొట్టిగా, లావుగా, గ్యాస్ సిలిండర్‌లా వచ్చింది. ఆ నమూనా గోడకి తగిలించి ఉంచాను.

నమూనా ముక్కని ఉతకాలా? అల్లి కొలిస్తే చాలదా?

ఉతకాలి. కాటన్ అల్లిక మొదటి ఉతుకులో పొడవు తగ్గుతుంది. ఉతక్కముందు నాకు 10 సెం.మీ.కి 28 వరసలు, ఉతికాక 30. పొడవు 60 సెం.మీ. అనుకుని 168 వరసలు వేస్తే, మొదటి ఉతుకు తర్వాత 56 సెం.మీ. టాప్ మిగిలింది. నాలుగు సెంటీమీటర్లంటే నడుం కనపడటానికీ కనపడకపోవడానికీ మధ్య తేడా.

ఉతికి ఆరాక ఇంకో పని చేయండి. ముక్కకి కింద నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి రాత్రంతా వేలాడదీయండి. కాటన్‌కి ఊలులాంటి స్ప్రింగు గుణం లేదు, సాగితే వెనక్కి రావడానికి బద్ధకిస్తుంది. బరువైన పొడుగు కోటు తన బరువుకి తానే కిందికి జారుతుంది. ఎంత జారిందో చూసి ఆ మేరకు పొడవు తగ్గించుకోవాలి, భుజాల కుట్టులో టేపు వేయాలి. చిన్న ముక్క వద్దు, కనీసం జానెడు ఉండాలి. అంచుల దగ్గర కుట్లు ఎప్పుడూ అబద్ధం చెప్తాయి.

ఒక వరసలో ఎన్ని రంగులు వేయొచ్చు?

వేయడానికి ఎన్నైనా వేయొచ్చు, కానీ ఏ పద్ధతిలో అన్నది మన ఊరి వాతావరణాన్ని బట్టి తేల్చుకోవాలి. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి పేరుతో ఒక పద్ధతి ఉంది. వరసకి రెండు రంగులు, వాడని రంగు దారం వెనక వైపు మోసుకెళ్తారు. దాంతో బట్ట రెండు పొరలవుతుంది. వాళ్ల చలికి అదే కావాలి, మనకి మాత్రం అది కంబళి. పైగా వెనక దారం అయిదు కుట్లకి మించి వదిలితే, గాజుల చెయ్యి దూర్చగానే తగులుకుంటుంది.

అందుకని నేను ఎక్కువగా ఇంటార్సియా వాడాను. ఒక్కో రంగు మచ్చకి ఒక్కో చిన్న ఉండ, సరిహద్దులో రెండు దారాల్నీ మెలేసి వదిలేయడం. వెనక పొర ఉండదు, బట్ట పలచగా, చల్లగా ఉంటుంది. కష్టమేమిటంటే, ఒక వరసలో తొమ్మిది ఉండలు వేలాడుతూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఒక్కో ఉండకి ఒక్కో బట్టల క్లిప్పు పెట్టి, కావలసినంత దారమే వదులుతూ పోతే చిక్కు తగ్గుతుంది. కొత్తవాళ్లు మాత్రం అడ్డ చారలతో మొదలుపెట్టండి. చారలంటే చిన్నచూపు వద్దు. ఇటలీలో మిస్సోనీ దంపతులు 1953లో గల్లారాతెలో చిన్న కార్ఖానాతో మొదలుపెట్టి చారలు, వంకర గీతల మీదే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

## అల్లించడం

ఇవి చేత్తో అల్లినవా, మెషీన్ మీదా?

రెండూ ఉన్నాయి. 18లో 5 పూర్తిగా చేత్తో అల్లినవి, మిగతావి చేత్తో నడిపే ఫ్లాట్ మెషీన్ మీద. “మెషీన్” అనగానే మీట నొక్కితే స్వెట్టర్ ఊడిపడుతుందనుకుంటారు. క్యారేజీని (సూదుల మీద జరిగే భాగాన్ని) కుడికీ ఎడమకీ లాగుతూ వరసవరసకీ మనిషే నడపాలి, రంగు మచ్చలైతే సూది సూదికీ దారం వేళ్లతో పెట్టాలి. ఇంట్లో వాడే రకంలో 200 సూదులు, సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పంచ్ కార్డు (డిజైన్‌ని రంధ్రాలుగా పొడిచిన అట్ట) పెడితే 24 కుట్లకొకసారి డిజైన్ తిరిగి వస్తుంది. ఈ 24 ముందే తెలిస్తే డిజైన్‌ని దానికి తగ్గట్టు గీసుకోవచ్చు. తెలియక 30 కుట్ల చేప గీస్తే తోక తెగుతుంది.

నర్సాపురం లేసు అల్లేవాళ్లతో పని చేయించొచ్చా?

నేను అంచులకి చేయించాను, చాలా మంచి పని. 2024లో ఆ లేసుకి జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. కానీ వాళ్ల చెయ్యి అలవాటుపడింది సన్నటి తెల్ల దారానికి. లావు రంగు దారం ఇచ్చి వెంటనే వేగం ఆశించకండి. ముక్కకింత అని బేరమాడితే నష్టం ఎప్పుడూ అల్లే మనిషికే. మొదటి ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో వాళ్లనే రాసి పెట్టమని, గంట లెక్కన కట్టండి. మధ్యవర్తి ఉంటే చేతికి ఎంత అందుతోందో నేరుగా అడగండి. మొదట మొహమాటపడ్డా, రెండోసారి వాళ్లే ఫోన్ చేసి చెప్తారు.

సముద్రపు గాలికి మెషీన్ సూదులు తుప్పు పడుతున్నాయి, ఏం చేయాలి?

బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇది తప్పదు. సూది కొనలో తెరుచుకుని మూసుకునే చిన్న నాలుక ఉంటుంది. తుప్పు ముందు దాని కీలుకే పడుతుంది, నాలుక బిగుసుకోగానే కుట్టు జారుతుంది. పని అయ్యాక పొడిబట్టతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాసి, మందపాటి దుప్పటి కప్పండి. మర్నాడు అసలు దారం ఎక్కించే ముందు పనికిరాని దారంతో పది పన్నెండు వరసలు అల్లి పారేయండి. లేకపోతే ఆ నూనె మీ తెల్ల దారానికి నల్ల చుక్కలుగా అంటుతుంది. వానాకాలంలో కోన్లని మూతపెట్టిన డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

## ఫోటోలూ అమ్మకమూ

ఫోటోలు బీచ్‌లో ఏ టైముకి తీశారు?

సూర్యోదయం నుంచి గంటన్నరలోపు. మన తీరం తూర్పు వైపు తిరిగి ఉంది, పొద్దున్నే వెలుగు సముద్రం మీంచి సూటిగా మనిషి మొహం మీద పడుతుంది. ఎనిమిది దాటితే రంగులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి దిగుతాడు, కాబట్టి సముద్రంలో అస్తమయం కావాలని అడిగే ఫోటోగ్రాఫర్ మన ఊరివాడు కాదని అర్థం. అల్లిక గరుకు కనపడాలంటే వెలుగు పక్క నుంచి పడాలి. నౌకాదళం ప్రాంతాల దగ్గర కెమెరా, డ్రోన్ తీయకండి. ఫిషింగ్ హార్బర్‌లో పడవ వాళ్లని అడిగి తీయండి, వేలంపాట వేళ మాత్రం అడ్డం వెళ్లొద్దు.

ఒక టాప్ ఆరేడు వేలా? షోరూమ్‌లో వెయ్యికి వస్తుంది కదా?

వస్తుంది, కాదనను. నా లెక్క ఎలా ఉంటుందో ఉదాహరణకి చెప్తాను. నూలు, అద్దకం 700. అల్లేవారికి 40 గంటలు, గంటకి 120 చొప్పున 4,800. ముక్కలు కలపడం, ఉతకడం, గుండీలు 500. అక్కడికే 6,000 అయ్యింది, పాడైన నమూనాల వాటా, నా పని ఇంకా కలపలేదు. దుకాణంలో పెడితే వాళ్ల కమీషన్ వేరు. దీంట్లో తగ్గించగలిగే పెద్ద అంకె ఒక్కటే, అది అల్లేవారి 4,800. దాన్ని నేను ముట్టుకోను. తక్కువ ధరలో కావాలంటే చారల టాపులు చూడండి, వాటికి గంటలు తక్కువ పడతాయి.

జీఎస్టీ ఎంత?

2025 సెప్టెంబరు 22 నుంచి పీసు ధర 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18 శాతం. అల్లిక దుస్తులు పన్ను సరుకుల పట్టికలో 61వ చాప్టర్ కిందికి వస్తాయి, నేసిన బట్టతో కుట్టినవి 62. బిల్లు మీద ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగానే నా డిజైన్ కాపీ కొట్టేస్తున్నారు. ఆపగలమా?

పెట్టకముందు ఆలోచించాల్సిన విషయం. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపైన ఇంకో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ అప్పటికే అందరికీ చూపించేసిన డిజైన్ కొత్తది కాదని తోసిపుచ్చుతారు. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టు. “నేను గీసిన బొమ్మ, కాపీరైట్ నాదే కదా” అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ డిజైన్‌ని నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారుచేస్తే కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం దాని మీద కాపీరైట్ పోతుంది. అన్ని పీసులకీ చేయించలేం, నేను మూడింటికే ఖర్చు పెట్టాను. మిగతావాటిని కాపీ కొట్టేవాళ్లు నా గ్రాఫ్ ఎత్తు లెక్క తప్పుతారని ఒక చిన్న ఆశ.

## మీ ఇంటికొచ్చాక

కొత్త బట్ట కదా, కళ్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందా?

మా అమ్మ కూడా ఇదే చేసేది. ఉప్పు పని అద్దకం తొట్టిలో. అక్కడ రంగుని నూలు వైపు నెట్టడానికి ఉప్పు, అతుక్కోవడానికి సోడా వేస్తారు. అద్దకం అయిపోయాక ఇంట్లో ఉప్పు వేసినందువల్ల వదులుగా ఉన్న రంగు అతుక్కోదు. నష్టం లేదు గానీ లాభమూ లేదు. మొదటి రెండుసార్లు చన్నీళ్లలో విడిగా ఉతకండి.

వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా? దండెం మీద ఆరేయొచ్చా?

చేత్తో ఉతకడం మేలు. మెత్తటి సబ్బో, కుంకుడు రసమో చాలు. పిండకండి, తువ్వాల్లో చుట్టి నొక్కండి. దండెం మీద వేశారో, తడి బరువుకి టాప్ కాస్తా నైటీ అవుతుంది. నీడలో చాప మీద పరచండి. వానాకాలంలో ఫ్యాన్ కింద రెండు రోజులైనా పడుతుంది, పూర్తిగా ఆరకుండా బీరువాలో పెడితే బూజు చుక్కలు వస్తాయి. మడతపెట్టే ఉంచండి, హ్యాంగర్ వద్దు.

గాజుకి తగులుకుని దారం బయటికొచ్చింది. కత్తిరించేయనా?

వద్దు, కత్తెర పక్కన పెట్టండి. కత్తిరిస్తే ఆ కుట్టు నుంచి ఊడటం మొదలవుతుంది. చుట్టుపక్కల బట్టని రెండు చేతులతో మెల్లగా అటూ ఇటూ లాగితే సగం దారం లోపలికి పోతుంది. మిగిలిన ఉచ్చుని లోపలి వైపు నుంచి క్రోషియా సూదితో లాగేసుకోండి, సూది లేకపోతే మొండి పిన్నీసు చాలు. దారం తెగే ఉంటే పీసుతో పాటు ఇచ్చిన చిన్న కవరు వెతకండి, అందులో ఆ పీసులోని ప్రతి రంగూ రెండు మూరలు చుట్టి ఉంటుంది. కవరు పారేశారా? పీసు వెనక నంబరు పంపండి, ఆ లాటు దారం ఇంకా ఉంటే కొరియర్ చేస్తాను.